పళ్ళు కుదురుకున్నాకే బూరా

ఆ రోజు నేను చేసిన తప్పు ఇది: పిల్ల నోట్లో నెత్తురు చూసి కూడా వాయింపు ఆపలేదు. వెళ్ళి నోరు పుక్కిలించి రమ్మన్నాను. వచ్చాక మళ్ళీ అదే చోటు వాయించమన్నాను.

దీన్ని ముందే రాసేయడానికి కారణం ఉంది. స్కూళ్ళలో బ్యాండ్ నేర్పడానికి కొత్తగా చేరినవాళ్ళు ఇది చదువుతారని నా ఆశ. మా తరం వాళ్ళం అనుభవాలు రాయడానికి కూర్చుంటే ముందు గెలిచిన షీల్డులు వస్తాయి, చివరికెప్పుడో "కొన్ని పొరపాట్లు కూడా జరిగాయి" అని ఒక వాక్యం పడుతుంది. నా షీల్డులు స్కూలు బీరువాలో అద్దాల వెనక ఉన్నాయి. కావలసినవాళ్ళు వెళ్ళి చూడవచ్చు. నేను రాయవలసింది ఒక చిన్నపిల్ల పన్ను గురించి.

మా ఉస్తాద్ పరీక్ష

మాది విజయనగరం వైపు నుంచి రైల్వే పని మీద రాయపూర్ వచ్చి స్థిరపడిన కుటుంబం. మా కాలనీలో ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, కూరల బజారులో ఛత్తీస్‌గఢీ. నాకు కార్నెట్ నేర్పినాయన పట్టాల అవతల ఒక రేకుల ఇంట్లో ఉండే ఫ్రాన్సిస్ ఉస్తాద్. మిలటరీ బ్యాండులో వాయించి వచ్చిన మనిషి. కార్నెట్ అంటే ట్రంపెట్‌కి చెల్లెలు లాంటిది. కొంచెం పొట్టి, గొంతు మెత్తన. తర్వాత నేను నేర్పిన స్కూలు బ్యాండు పిల్లలు అన్నిటినీ కలిపి బూరా అనే అనేవారు.

ఉస్తాద్ దగ్గరికి ఎవరైనా పిల్లవాణ్ణి తీసుకువస్తే వయసు అడిగేవారు కాదు. ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి పైపెదవి ఎత్తమనేవారు. వేలికి శుభ్రమైన గుడ్డ చుట్టుకుని ముందు పళ్ళు ఒక్కొక్కటే కదిపి చూసేవారు. పాలపన్ను ఉన్నా, కొత్త పన్ను సగమే దిగి ఉన్నా, కాస్త కదిలినా, "జావ్ బేటా, రోటీ ఖావ్, అగ్లే సాల్ ఆనా" అని పంపేసేవారు. వెళ్ళు, తిను, వచ్చే ఏడు రా అని.

ఇందులో పెద్ద రహస్యం లేదు. బూరా గొట్టానికి తగిలించే చిన్న గిన్నెని మౌత్‌పీస్ అంటాం. దాని అంచు పెదవుల మీద ఆనుతుంది. పెదవుల వెనక పళ్ళున్నాయి. ఆ పళ్ళు గోడలా నిలబడాలి. కొత్తగా దిగిన పన్నుకి లోపల వేరు ఇంకా పెరుగుతూనే ఉంటుంది. పైకి చూస్తే పెద్దపన్నే, లోపల మాత్రం అది ఇంకా పట్టు దొరకని మొక్క.

పళ్ళ తర్వాత ఊపిరి. ఒక పాట చరణాన్ని మధ్యలో తెగకుండా పాడగలిగితే చాలు. తర్వాత చేతులు. ముందుకీ వెనక్కీ జరిపే ట్రాంబోన్ గొట్టాన్ని చివరిదాకా చాపలేని పిల్లవాడికి ట్రాంబోన్ ఇవ్వకూడదు. బిందెంత లావు బూరా, యుఫోనియం, మోయలేని వాడికి అది ఇస్తే నడుం వంకర పోతుంది. మా రాయపూర్‌లో తెలీబంధా పేట దగ్గర పెళ్ళి ఊరేగింపుల్లో, తనకన్నా బరువైన వాద్యాన్ని కడుపుకి ఆనించుకుని నడిచే పసివాళ్ళను మీరూ చూసే ఉంటారు. ఆ బ్యాండు యజమానులతో నేను చాలాసార్లు గొడవపడ్డాను. "మీ స్కూలు పిల్లల సంగతి చూసుకోండి" అన్నాడొకాయన. ఆయన మాటలో తప్పు లేదని తర్వాత తెలిసింది.

అన్నిటికన్నా చివరిది, కోరిక. ఒక బట్టల వ్యాపారి కొడుకుండేవాడు. పదేళ్ళకే పన్నెండేళ్ళ ఒళ్ళు, పలకల్లాంటి పళ్ళు, కొలిమితిత్తి లాంటి ఛాతీ. తండ్రి బొంబాయి నుంచి మెరిసే ట్రంపెట్ తెప్పించాడు. పిల్లవాడికి గాలిపటాలు తప్ప ఏమీ అక్కర్లేదు. వాడక ట్రంపెట్ మీటలు బిగుసుకుపోయాయి, నేను ఆ ఇంటికి వెళ్ళడం మానేశాను. పోనీలెండి, వాడి పళ్ళకైనా ఏం కాలేదు.

రత్నానిది దీనికి తిరగేసిన కథ.

రత్నం

పూర్తి పేరు నూకరత్నం. తండ్రి అప్పలస్వామి వ్యాగన్లు బాగుచేసే షాపులో ఫిట్టరు, పార్వతీపురం దగ్గరి మనిషి. పిల్ల నాలుగో తరగతి. మధ్యాహ్నం అన్నం డబ్బా తీసుకుని బ్యాండు గది గుమ్మంలో కూర్చుని తినేది. వెళ్ళమంటే వెళ్ళేది, చూస్తే మళ్ళీ ఉండేది. చివరికి ఒక పాత మౌత్‌పీస్ ఇచ్చి, "దీంతో తుమ్మెదలా మోగించు చూద్దాం" అన్నాను. వదిలించుకోవడానికే ఇచ్చాను. ఆ పిల్ల నెలలకొద్దీ దాన్ని గౌను జేబులో పెట్టుకు తిరిగింది. బ్యాండు నడుస్తూ వాయించే మార్చ్ పాట మొత్తాన్ని ఒట్టి మౌత్‌పీస్ మీద శ్రుతి తప్పకుండా పలికించేది. నా దగ్గర చాలామంది నేర్చుకున్నారు గానీ అలాంటి చెవి నేను మళ్ళీ చూడలేదు.

నేనే వాళ్ళ ఇంటికి వెళ్ళి అడిగాను. అప్పలస్వామి ఒప్పుకోలేదు.

"ఆడగుంటకి బూరా ఏటి మాస్టారూ! నవ్వుతారు. ఊదితే పేగు జారిపోద్దంట గదా?"

"ఎవరు చెప్పారు?"

"మా షాపులో అందరూ అదే అంటారు."

"మీ షాపులో ఎంతమంది బూరా ఊదారు?"

అతను నవ్వాడు. భార్య సన్యాసమ్మ నవ్వలేదు. "గుంటకి ఏటన్నా అయితే?" అని అడిగింది.

"నాది పూచీ" అన్నాను.

పళ్ళు పూర్తిగా వచ్చేవరకు మౌత్‌పీస్ మాత్రమే, వాద్యం వచ్చే ఏడు అని చెప్పాను. దాని మీద ఒప్పుకున్నారు. ఆ మాట చెప్పినప్పుడు నిజంగానే చెప్పాను.

"రెడీ హై?"

ఆ జనవరిలో గణతంత్ర దినం పరేడ్‌లో మా బ్యాండు ముందు నడవాలి. మార్చ్ మధ్యలో అందరూ ఆగిపోతారు, కార్నెట్ ఒక్కటే కొన్ని గతులు పలుకుతుంది. అందులో ఒక పై స్వరం ఉంది. ఆ భాగం పదో తరగతి సంతోష్‌ది. పరేడ్‌కి రెండు వారాల ముందు సంతోష్‌కి గవదబిళ్ళలు వచ్చాయి. రెండు బుగ్గలూ కుండల్లా వాచిపోయాయి. గవదబిళ్ళలతో బూరా ఊదడం కాదు, నీళ్ళు మింగడమే కష్టం. మిగతా కార్నెట్ పిల్లలకి ఆ పై స్వరం అందలేదు.

ప్రిన్సిపాల్ సాబ్ బ్యాండు గదికి వచ్చిన సమయానికి రత్నం మౌత్‌పీస్ మీద అదే భాగం మోగిస్తోంది. ఆయన నిలబడి విన్నారు. ఆయన చెడ్డవారు కాదు. ఫీజు కట్టలేని పిల్లలకు తన జేబులోంచి కట్టిన మనిషి. ఇది కొత్తవాళ్ళు గుర్తుంచుకోవాలి: పిల్లలకు చెరుపు చేసే ఆలోచన చెడ్డవాళ్ళ నుంచే రానక్కర్లేదు. ఇంత చిన్న పాప అందరికన్నా ముందు నిలబడి వాయిస్తే మైదానం మొత్తం మా స్కూలునే చూస్తుందని ఆయనకు అనిపించింది. నాకూ అనిపించింది.

కానీ ఆయన నన్ను అడిగారు. "మాస్టర్‌జీ, ఇది మీ విద్య. మీరే చెప్పండి. బచ్చీ రెడీ హై?"

మన ఉద్యోగం మొత్తం ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. మిగతావన్నీ ఎవరైనా చేయగలరు.

నేను రత్నాన్ని పిలిచి పైపెదవి ఎత్తమన్నాను. ముందు పళ్ళు రెండూ కొత్తవి, పూర్తిగా దిగలేదు. పక్కన ఒకవైపు పాలపన్ను, ఇంకోవైపు ఖాళీ. వేలు పెట్టి కదపలేదు. కదిపితే తెలుస్తుంది కనక కదపలేదు.

"రెడీ హై, సాబ్" అన్నాను.

"ఇంకొంచెం నొక్కు"

పై స్వరం రెండు దారుల్లో వస్తుంది. ఒకటి సరైన దారి: పొట్టలోంచి గాలి, పెదవి మూలల్లో బిగువు. దానికి నెలలు పడుతుంది. రెండోది దొంగదారి: మౌత్‌పీస్‌ని పెదవుల మీద గట్టిగా అదమడం. స్వరం వెంటనే వస్తుంది, పెదవి నలుగుతుంది, వెనకున్న పన్ను మీద బరువంతా పడుతుంది. అదిమి వాయించే పిల్లల చేతుల మీద నేను స్కేలుతో కొట్టేవాణ్ణి.

ఇంట్లో పరేడ్ మాట చెప్పి ఒప్పించి, రత్నం చేతికి కార్నెట్ ఇచ్చిన మూడో నాలుగో రోజుకే నాకు అర్థమైంది, సరైన దారికి వ్యవధి లేదని. పొద్దున్నే మైదానంలో మంచు. ఇత్తడి చల్లగా కొరికేస్తుంది. ఆ పిల్ల మౌత్‌పీస్‌ని పిడికిట్లో వెచ్చబెట్టుకుని తగిలించి ఎత్తింది. కింది స్వరాలు చక్కగా వచ్చాయి. పైది చీలిపోయింది.

"మళ్ళీ" అన్నాను.

చీలింది.

"ఇంకొంచెం నొక్కు" అన్నాను.

నొక్కింది. స్వరం వచ్చింది. మైదానం చివర కబుర్లు చెప్పుకుంటున్న పిల్లలు తల తిప్పి చూశారు. రత్నం ముఖం వెలిగిపోయింది. నాదీ వెలిగిందనుకుంటాను. ఆ తర్వాత రోజూ ఆ పిల్ల ఇంకొంచెం, ఇంకొంచెం నొక్కింది. నేను ఆపలేదు.

నెత్తురు వచ్చింది ఆ తర్వాతి వారంలో. మార్చ్‌లో ఆ భాగం పూర్తికాగానే కార్నెట్ దించి గౌను చేతికి మూతి తుడుచుకుంది. తెల్ల గౌను మీద ఎర్ర మరక. అక్కడ నీళ్ళు పోసే ఫూల్‌బాయి నాకంటే ముందు కేక వేసింది.

"గురూజీ, నోనీ కే ముహ్ లే లహూ ఆవత్ హే!"

పిల్ల నోట్లోంచి రక్తం వస్తోందని. నేను అప్పటికే చూశాను. దగ్గరికి వెళ్ళాను. ఎడమవైపు కొత్త పన్ను పక్కదానికంటే ఒక వెంట్రుకవాసి లోపలికి ఒరిగి ఉంది, దాని చుట్టూ చిగురు ఎర్రబడింది.

"నొప్పిగా ఉందా?"

"నేదు మాస్టారూ. ఏటీ నేదు."

పరేడ్ అధికారులు ఆ రోజు మా బ్యాండుని చూడటానికి వచ్చి ఉన్నారు. ప్రిన్సిపాల్ వాళ్ళ పక్కనే కుర్చీలో ఉన్నారు. నేను మొదటి వాక్యాల్లో రాసింది అప్పుడే జరిగింది. పుక్కిలించి వచ్చింది, మళ్ళీ వాయించింది. అధికారులు చప్పట్లు కొట్టారు.

గేటు

సాయంత్రం అప్పలస్వామి డ్యూటీ దిగి సైకిల్ మీద కూతుర్ని తీసుకెళ్ళడానికి వచ్చాడు. వాచిన పెదవి చూశాడు.

"ఏటే ఆ మూతి?"

రత్నం నా వైపు చూసింది. కాసేపే. తర్వాత తండ్రితో అంది: "గేటుకి గుద్దీసుకున్నాను నాన్నా. పరిగెట్టి."

"గేటు బాగుందా మరి? ఏటీ వంకరపోనేదు గదా?" అని అతను నవ్వి నాతో, "సూసేరా మాస్టారూ, కాలు ఒక కాడ నిలవదు దీనికి" అన్నాడు.

ఆ పిల్ల అబద్ధం ఎందుకు ఆడిందో చెప్పనక్కర్లేదు. నిజం చెబితే పరేడ్‌లోంచి తీసేస్తారు. బూరా కూడా పోతుంది. మరి నేనెందుకు ఊరుకున్నాను? నా కారణం కూడా దాదాపు అదే. తేడా ఒక్కటే, ఆ పిల్లకి ఎనిమిదేళ్ళు.

"జాగ్రత్తమ్మా" అన్నాను. నా జీవితంలో నేనాడిన అబద్ధాల్లో ఆ ఒక్క మాటనే ఇప్పటికీ లెక్కలోంచి తీసెయ్యలేకపోతున్నాను.

రెండు రోజులకు అతనే చెప్పాడు. "ఆసుపత్రికి తీసుకెల్లేను మాస్టారూ. గేటుకి తగిలిందని సెప్పేను. గట్టివి నమలొద్దు, దానంతటదే సర్దుకుంటాది అన్నాడు డాక్టరు. పరేడ్‌కి పక్కా ఒస్తది. పార్వతీపురం నుంచి మా అన్నని రమ్మన్నాను."

గేటు అని చెప్పారు కనక డాక్టరు నమలడం గురించే చెప్పాడు. ఊదొద్దని ఎలా చెబుతాడు? ఆ డాక్టరుకి బూరా సంగతే తెలీదు. ఇదంతా నాకు అక్కడే, అప్పుడే అర్థమైంది. అయినా "అన్నయ్యగారు ఏ బండికి వస్తున్నారు?" అని అడిగాను.

ఆ రోజుల్లో రాత్రులు నాలో నేను చేసుకున్న వాదనలన్నీ ఇక్కడ రాయను. అవన్నీ ఒకటే: ఇంకెన్ని రోజులులే. మీకూ అలాంటి రోజు వస్తుంది. ఆ వాదన మీ నోటికి రాగానే ఆగిపోండి. పిల్ల పన్నుకి మీ పరేడ్ తేదీ తెలీదు.

ఆ పిల్ల మాట మారింది. 'స' అన్నప్పుడు పళ్ళ సందులోంచి ఈల వచ్చేది. పిల్లలు నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. వాళ్ళమ్మ రొట్టె పాలలో నానబెట్టి పంపేది. గుమ్మంలో కూర్చుని మెల్లగా చప్పరిస్తూ తినేది. నేను గదిలోకి వెళ్ళడానికి వెనక గుమ్మం వాడటం మొదలుపెట్టాను.

ముందురోజు

పరేడ్‌కి ముందురోజు ఆఖరి రిహార్సల్. ముందు వరసలో రత్నం. ఆ భాగం దగ్గర పడుతోంది. కార్నెట్ ఎత్తే ముందు ఆ పిల్ల నాలుకతో లోపలినుంచి పన్నును ముందుకు నెట్టి సరిచేసుకోవడం నా కంట పడింది. జారిన చెప్పులో మళ్ళీ కాలు దూర్చుకున్నంత మామూలుగా చేసింది. అంటే అలా చెయ్యడం దానికి అలవాటైపోయింది.

చెయ్యి ఎత్తి బ్యాండు మొత్తాన్ని ఆపేశాను. బేస్ డ్రమ్ము ఒక దెబ్బ ఎక్కువ కొట్టి ఆగింది.

"రత్నం, నోరు తెరువు."

తెరవలేదు.

"తెరువమ్మా."

"రేపు అయిపోయినాక తెరుస్తాను మాస్టారూ."

"ఎంత కదులుతోంది?"

"కొంచెమే. నాలికతో పట్టుకుంటన్నాను. ఊదినప్పుడు నొప్పెట్టదు. ఊదీసినాకే."

"బూరా ఇలా ఇవ్వు."

రెండు చేతులతో గుండెకు అదుముకుంది. "ఇవ్వను. నానేటి తప్పు సేసేను? రోజూ ఒచ్చేను గదా! సురం ఒస్తంది గదా!"

"నువ్వేం చెయ్యలేదు."

"మరి?"

చుట్టూ బ్యాండు పిల్లలంతా ఉన్నారు. ఆ "మరి?"కి వాళ్ళ ముందు నేను జవాబు చెప్పలేదు. ఆ పిల్ల వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి కార్నెట్ తీసుకున్నాను. అది కూడా రాసుకోవాలి. సరైన పని చేస్తూ కూడా నేను ఆ పిల్లని అందరి ముందు దోషిలా నిలబెట్టాను. అది ఏడవలేదు. నన్ను చూసిన చూపులో ఏడుపు లేదు.

ప్రిన్సిపాల్ గబగబా వచ్చారు. "క్యా హువా? రేపు పరేడ్! రెడీ అన్నది మీరే కదా?"

"నేనే అన్నాను సాబ్. అబద్ధం చెప్పాను."

ఆయనకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన పిల్ల వైపు చూశారు. అప్పటిదాకా కోపంగా ఉన్న మనిషి ముఖంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. దానికంటే కోపమే నయం. "ముందు దాని ఇంటికి వెళ్ళండి" అన్నారు.

వెళ్ళాను. సన్యాసమ్మ నిప్పుల ఇస్త్రీపెట్టెతో యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది. అప్పలస్వామి అన్నకి టీ పోస్తున్నాడు. నేను కూర్చోలేదు. గేటు కాదు, బూరా అని చెప్పాను. పళ్ళు కుదరలేదని తెలిసే ఇచ్చానన్నాను. నొక్కమన్నది నేనేనన్నాను. రత్నం తలుపు పక్కన నిలబడి, "నానే గేటని సెప్పేను. మాస్టారు సెప్పమనలేదు" అంది. నన్ను కాపాడటానికి కాదు, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నాకది మరీ కష్టమైంది.

అప్పలస్వామి చొక్కా వేసుకోవడం మొదలుపెట్టాడు. సన్యాసమ్మ ఇస్త్రీపెట్టె నిలబెట్టింది.

"గేటు కాడ మీరూ ఉన్నారు గదా మాస్టారూ. ఇన్నారు గదా?"

"విన్నానమ్మా."

"నోరు నేదా మీకు?"



ఆ సాయంత్రమే పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. సంగతంతా నేనే చెప్పాను. ఆయన పన్ను చూసి, వేలితో తాకి, నా వైపు తిరిగారు. "దీని వేరు ఇంకా తయారవలేదు. రేపు మీరు ఆ స్వరం వాయింపజేసి ఉంటే పన్ను చేతికొచ్చేది. ఇది పాలపన్ను కాదు, మళ్ళీ రాదు. పక్క పన్నుతో కలిపి తీగ కడతాను. నిలబడితే నిలబడుతుంది. ఇప్పుడే చెప్పలేను."

తర్వాత

పరేడ్‌లో బ్యాండు నడిచింది. కార్నెట్ ఒక్కటే పలకవలసిన చోట డ్రమ్ములు మాత్రం మోగాయి. చాలామందికి తేడా తెలియలేదు. దేనికోసం ఒక పిల్ల పన్నుని పణం పెట్టానో, అది లేకపోయినా జనం చప్పట్లు కొట్టారు.

స్కూలు తెరిచాక పిల్లలు రత్నం వెనకపడ్డారు. "డర్‌పోక్! పరేడ్ సే భాగ్ గయీ!" పిరికిది, పారిపోయింది అని. తీగ కట్టిన నోటితో అది తిరిగి తిట్టలేకపోయింది. నేను ప్రిన్సిపాల్ గదికి వెళ్ళి ప్రార్థన సమయంలో మాట్లాడతానన్నాను. "స్కూలు పరువు మాస్టర్‌జీ" అన్నారు. పిల్ల పరువు కూడా ఉంది సాబ్ అన్నాను. ఆయన ఒప్పుకున్నారని చెప్పలేను, అడ్డం మాత్రం రాలేదు. మైకు ముందు హిందీలో నాలుగు మాటలే చెప్పాను: రత్నం పారిపోలేదు. నెత్తురు వచ్చినా వాయించింది. వాయించమన్నది నేను. తప్పు నాది. వెనక వరసల్లో ఎవరో నవ్వారు, తర్వాత నవ్వు ఆగిపోయింది.

ఆ ఏడాది మిగిలిన నెలలు బ్యాండుని నా చేతిలోంచి తీసేసి డ్రిల్లు అప్పగించారు. ప్రిన్సిపాల్ గురించి నేను కొన్ని కఠినమైన మాటలు రాయగలను గానీ, ఈ ఒక్క పని ఆయన సరిగ్గా చేశారు.

ప్రతి శనివారం రత్నాన్ని డాక్టరుకి చూపించాలి. అప్పలస్వామికి షిఫ్టు, సన్యాసమ్మకి చంటిపిల్లవాడు. నేను తీసుకువెళ్తానని అడిగాను. అప్పలస్వామి మర్యాదగా, "ఒద్దులెండి మాస్టారూ, మీకెందుకు శ్రమ" అన్నాడు. సన్యాసమ్మ అడ్డం వచ్చింది. "ఎల్లనీ. కుర్చీలో కూకోబెట్టి నోరు తెరిపించినప్పుడల్లా ఈయనే సూడాల."

చూశాను. తీగ బిగించినప్పుడు అది కుర్చీ చేతులు పట్టుకోవడం చూశాను. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ రిక్షాలో ఆ చివర అది, ఈ చివర నేను. నాతో మాట్లాడలేదు. చలి పోయింది, ఎండలు ముదిరాయి, మాట్లాడలేదు. నేనూ పలకరించి ఇబ్బంది పెట్టలేదు. క్షమించమని పిల్లల్ని అడగకూడదు. అడిగితే వాళ్ళు "సరే" అనేస్తారు, ఆ "సరే"తో మనం తేలిగ్గా ఇంటికి పోతాం.

వానలు మొదలయ్యాక ఒక శనివారం డాక్టరు తీగ విప్పి, వేలితో కదిపి చూసి, "పట్టుకుంది" అన్నారు. పన్ను పక్కదానికంటే కాస్త లోపలికి ఉండిపోయింది. అలాగే ఉంటుందన్నారు. బూరా సంగతి నేను అడగలేదు. రత్నమే అడిగింది. ఆ నాలుగు పళ్ళూ పూర్తిగా దిగి గట్టిపడేదాకా వద్దు, ఒకటి రెండేళ్ళు, తర్వాత తనకి చూపించి మొదలుపెట్టమన్నారాయన.

తిరిగి వస్తుంటే సన్నగా జల్లు. రిక్షావాడు టాపు వేశాడు. రైల్వే గేటు పడి ఉంటే ఆగాం. గూడ్సు బండి పోతూనే ఉంది. రత్నం బండినే చూస్తూ అడిగింది.

"మాస్టారూ. నొక్కకుండా ఆ పై సురం ఎలా ఒస్తది?"

"నేను నీకు చెప్పింది తప్పు, రత్నం. నొక్కితే వచ్చేది స్వరం కాదు, మోసం."

"అది తెలిసింది. ఎలా ఒస్తదో సెప్పండి."

బండి చప్పుడు పోయేదాకా ఆగాను. పొట్ట మీద చెయ్యి పెట్టుకోమన్నాను. చెయ్యి ముందుకి కదిలేలా గాలి తీసుకోమన్నాను. పెదవుల మధ్యభాగం వదులుగా, మూలలు మాత్రం బిగువుగా, నవ్వీ నవ్వనట్టు. మధ్యలో ఏమీ ఆనించవద్దు, ఒట్టి గాలి, దూరంగా ఉన్న దీపపు మంటని ఆర్పకుండా వంచినట్టు. అది చేసింది. రాలేదు. మళ్ళీ చేసింది. గేటు ఎత్తినా రిక్షావాడు తొక్కడం మర్చిపోయి వెనక్కి తిరిగి చూస్తున్నాడు.

"తొందర లేదు" అన్నాను. ఆ మాట ఆ పిల్లతో నేను మొదటిసారి అన్నాను. మరుసటి శనివారం డాక్టరు దగ్గరికి వెళ్ళే పని లేకపోయినా రిక్షా మాట్లాడుకుని వాళ్ళ ఇంటికి వెళ్ళాను. ఆ పై శనివారమూ వెళ్ళాను. ఏ వాద్యమూ తీసుకెళ్ళలేదు. సన్యాసమ్మ వంటింట్లోంచి చూస్తుండగా గుమ్మంలో కూర్చుని, ఆ పిల్లకి ఊపిరి ఎలా తీసుకోవాలో మొదటినుంచి నేర్పాను.